పైల అప్పల, కుడి కన్ను

కృపారావు మేస్టారు "పైల అప్పల" అని చదవగానే బస్సు పక్కన ముగ్గురు లేచి నిలబడ్డారు. అప్పల రాజు, అప్పల స్వామి, అప్పల నరసమ్మ. ముగ్గురి ఇంటిపేరూ పైలే. చోడవరం చర్చి ఆవరణంతా నవ్వింది. బుచ్చయ్యపేట వైపు ఊళ్ళలో సింహాద్రి అప్పన్న పేరు తగలని ఇల్లుండదు. ఒక అప్పలని పిలిస్తే ముగ్గురు పలకడం కొత్త కాదు.

నవ్వనిది అశ్విని ఒక్కతే. కంటి ఆపరేషన్లకి వెళ్ళేవాళ్ళ జాబితా చేసింది తనే. నిన్ననే దాన్ని విశాఖలో ఆసుపత్రికి పంపేసింది కూడా. మేస్టారి చేతిలో కాగితం లాక్కుని చూసింది. ముగ్గురికీ కలిపి ఒక్కటే వరుస ఉంది: పైల అప్పల, కుడి కన్ను.

"నాది ఎడం కన్ను కదే గుంటా," అంది నరసమ్మ. "కుడిది పోయి ఆరేళ్ళయింది. ఉన్న ఒక్కదాన్నీ బాగు సేత్తారని వచ్చేను."

ఆవిడ రావడం ఇది మూడోసారి. ఒకసారి షుగరుందని, ఇంకోసారి బీపీ ఉందని వెనక్కి పంపేశారు. పొర ముదిరిపోయింది, ఇంక ఆలస్యం చేస్తే చెప్పలేమని డాక్టరు అన్నాడు. ఆసుపత్రిలో జాబితా చూసి, పేరూ కన్నూ రాసిన పట్టీ చేతికి కడతారు. పట్టీ లేని మనిషిని లోపలికి రానివ్వరు. పట్టీలో తప్పుంటే ఏ కంటికి ఏం చేస్తారో తల్చుకోవడానికే అశ్వినికి భయమేసింది.

బెంచీ మీద లాప్‌టాప్ తెరిచింది. ఫారాల్లోంచి జాబితా చెయ్యడానికి తను రాసిన ప్రోగ్రాం నాలుగు లైన్లే. పేరులో ఖాళీ కనిపించిన చోటల్లా స్ప్లిట్ చెయ్యమంది. మొదటి ముక్క ఇంటిపేరు, రెండోది పేరు. మూడో ముక్క సంగతి తను అడగలేదు, అదీ చెప్పలేదు. ఒకే మనిషిని రెండుసార్లు రాసిన ఫారాలున్నాయని, ఒకేలా ఉన్న పేర్లలో ఒకటే ఉంచమంది. ముప్ఫై ఏడు ముప్ఫై ఒకటయ్యాయి. పోయిన ఆరూ రెండుసార్లు రాసినవే అనుకుంది. అందులో రెండు, బతికున్న మనుషులు.

ఏటయిందని నరసమ్మ పక్కకొచ్చి కూర్చుంది. అశ్విని తలెత్తకుండానే చెప్పింది, పేరుని ఎక్కువచోట్ల కోసేశానని.

"నాటడానికి సెరుకు ముచ్చెలు కొట్టినోళ్ళని అడిగితే సెప్పుదుం గదా," అంది ముసల్ది. "కన్ను సూసుకుని కొట్టాల. కన్ను మీద కత్తి పడితే ఆ ముక్క మొలవదు."

డ్రైవరు హారను కొట్టాడు. మేస్టారు గడియారం చూసుకుంటూ బస్సు చుట్టూ తిరుగుతున్నారు. అశ్విని ఆ లైన్లో ఒక కామా, ఒకటి అంకె చేర్చింది. ఇంక మొదటి ఖాళీ దగ్గరే కోస్తుంది, తక్కినదంతా పేరే. ముప్ఫై మూడొచ్చాయి. నమ్మబుద్ధి కాలేదు. ఒక్కొక్క మనిషి దగ్గరికీ వెళ్ళి పేరూ కన్నూ అడిగి టిక్కు పెట్టుకుంది. నరసమ్మని రెండుసార్లు అడిగింది.

కొత్త జాబితా పంపి ఆసుపత్రికి ఫోన్ చేసింది. పట్టీలు పొద్దున్నే ప్రింటయిపోయాయని, వచ్చాక చూద్దామని అక్కడి అమ్మాయి అంది. ఆ చూద్దామన్న మాట అశ్వినికి మింగుడు పడలేదు.

లాప్‌టాప్ సంచిలో కుక్కి బస్సెక్కేసింది. నువ్వెందుకమ్మా అన్నారు మేస్టారు.

"పట్టీలు కట్టినప్పుడు నాను అక్కడుండాలండి."

నరసమ్మ పక్కన కూర్చుని, జేబులోంచి పెన్ను తీసి ఆవిడ ఎడం చేతి మీద రాసింది: పైల అప్పలనరసమ్మ, ఎడమ కన్ను. పేరు మధ్యలో ఖాళీ వదల్లేదు.

సబ్బవరం వచ్చేసరికి చెమటకి సిరా అలుక్కుపోతోంది. ఆవిడ కొంగుతోనే తుడిచి, గతుకుల్లో చెయ్యి కుదిరేదాకా ఆగి, మళ్ళీ రాసింది.