మెత్తచెయ్యి

సెలూన్‌కి వచ్చేవాళ్లంతా అతన్ని మెత్తచెయ్యి అనేవాళ్లు. అతని కత్తి కింద కునుకు తీయనివాళ్లు తక్కువ. అలాంటి చెయ్యి ఒకరోజు ఉన్నట్టుండి వణకడం మొదలుపెట్టింది. కత్తిని పక్కన పెట్టేస్తే బుద్ధిగా ఊరుకునేది, పట్టుకుంటే మళ్లీ మొదలు.

అంతకంటే భయపెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. ఎవరి మెడ ముట్టుకునే ముందైనా కత్తి పదును తన ముంజేతి మీద చూసుకోవడం అతని అలవాటు. ఇప్పుడలా చూసుకుంటే ఎవరో తన మీద కత్తి పెట్టినట్టు ఒళ్లు జలదరించేది. మొహం కడుక్కుంటుంటే పరాయి వేళ్లు చెంపలు తడిమినట్టుండేది. ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు కూడా. దెయ్యం పట్టిందంటుందని భార్యకి చెప్పలేదు.

పక్క కుర్చీ తమ్ముడిది. దుకాణం నిండా అద్దాలే కదా, అన్న కబుర్లలో పడితే చేతిలో కత్తి నిలకడగా ఉండటం వాడు పట్టేశాడు.

"కబుర్లప్పుడు లేని వణుకు పనప్పుడు ఎక్కణ్ణించి ఊడిపడుతుందన్నయ్యా? చెయ్యాలని లేకపోతే చెప్పెయ్, ఆ కుర్చీలో ఇంకొకర్ని పెడతాను."

మెత్తచెయ్యికి గుండె చివుక్కుమంది. కుర్చీ పోతే పొద్దస్తమానం ఆ చేతితోనే ఇంట్లో కూర్చోవాలి. ఆ భయంతోనే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాడు.

డాక్టరమ్మ అన్నదమ్ములిద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టింది. ఎవరి అరచేతిలో వాళ్లనే గిలిగింతలు పెట్టుకోమంది. తమ్ముడికి చీమ కుట్టినట్టయినా లేదు. అన్న మాత్రం ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాడు.

"మన చెయ్యి కదిలేముందే మెదడుకి కబురందుతుంది. అందుకే మన స్పర్శ మనకి పెద్దగా తెలీదు. ఈయనకి ఆ కబురు సరిగా అందడం లేదనుకుంటున్నాను. చేతి మీద ధ్యాస పెట్టేకొద్దీ వణుకు పెరుగుతుంది, ధ్యాస మళ్లితే తగ్గుతుంది. అది జబ్బు లక్షణమండీ, నటన కాదు" అంది.

దుకాణంలోకి రాగానే తమ్ముడు మొహానికి సబ్బునురగ పూసుకుని అన్న కుర్చీలో వెనక్కి వాలాడు.

"కానివ్వన్నయ్యా."

"నీకేమైనా మతిపోయిందా?"

"ముందు ఇది చెప్పు. చిన్నప్పుడు నాకు సైకిల్ నేర్పిస్తానని గోడకేసి ఎందుకు గుద్దావు?"

"నేనెక్కడ గుద్దాను? కళ్లు మూసుకుని తొక్కిందెవరు?"

వాదన ముదిరింది. ఎవరి మాట వాళ్లది. ఆ సందట్లో కత్తి చెంపలు దాటి, గడ్డం కిందికి చేరి, గొంతు మీదికి దిగింది. ఎక్కడా చిన్న గాటు కూడా పడలేదు.

తమ్ముడు మెడ తడుముకున్నాడు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నిన్ను అనరాని మాటన్నాను. ఈ కుర్చీ నీదే. చూడు, నువ్వే గీశావు."

మెత్తచెయ్యి కత్తి పక్కన పెట్టి, తన చెంప మీద చెయ్యి వేసుకున్నాడు. ఇంకా పరాయి వేళ్లే. ఇంతసేపూ తన తమ్ముడి గొంతు మీద కత్తి నడిపిందెవరో అతనికి తెలియదు.

"ఊఁ, నేనే" అన్నాడు, తమ్ముడు భయపడకూడదని.