నడిమి సినిమా

బుల్లెట్టు వెనక చక్రాన్ని మోకాలితో ఒక్క నెట్టు నెట్టి ఉప్పలయ్య దాన్ని టాకీసు స్టాండు వరసలో దూర్చాడు. రేకు బిళ్ల ఒకటి హ్యాండిలుకు తీగతో చుట్టి, దాని జత బిళ్లను బండివాడి చేతిలో పెట్టాడు. బండివాడు నవ్వు ఆపుకుంటూ “ఏం గురువు కాకా, మంచిగున్నవా?” అన్నాడు. ఉప్పలయ్య తల ఎత్తకుండా తర్వాతి బండి వైపు నడిచాడు.

మానుకోటలో అందరూ ఇప్పుడు అతన్ని అట్లాగే పిలుస్తున్నారు. మనిషి పొట్టి, భుజాలు వెడల్పు. బరువు బండ్లను పక్కకు జరిపీ జరిపీ మణికట్లు లావెక్కాయి. గోళ్ల సందుల్లో నూనె నలుపు సబ్బుకు పోయేది కాదు. మీసానికి మాత్రం శ్రద్ధగా నల్లరంగు వేసేవాడు. ఆ పేరు తెచ్చిపెట్టిన వీడియో వచ్చాక అదీ మానేశాడు.

పొద్దుట్నుంచి ఎడమ భుజం లాగుతోంది. బండ్లు మోసే భుజం లాగక ఇంకేది లాగుతుంది అనుకుని గోలిసోడా తాగాడు. తేనుపు వచ్చింది. దాంతో సగం ధైర్యం వచ్చింది.

టాకీసు స్టాండు కాపలా అంటే ఒక పద్ధతి ఉంటుంది. సినిమా మొదలయ్యాక కూడా ఆలస్యంగా వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు. వాళ్ల బండ్లన్నీ సర్దాకే ఉప్పలయ్య పక్క తలుపు సందులోంచి లోపలికి దూరి, గోడకు వీపు ఆనించి నిలబడి చూసేవాడు. అయిపోవచ్చే ముందు, రద్దీ తప్పించుకుందామని కొందరు తొందరగా లేచి వస్తారు. వాళ్లు బిళ్ల చూపించేసరికి అతను బయట ఉండాలి. ఇట్లా ఆ టాకీసులో ఆడిన ప్రతి సినిమా చూశాడు, ఒక్కటీ పూర్తిగా చూడలేదు. పేర్లు పడేటప్పుడు బయటే, శుభం పడేటప్పుడూ బయటే. అతని వంతుకు వచ్చింది నడుమ ముక్క.

మామూలు సినిమాలకు ఇది పెద్ద ఇబ్బంది కాదు. మొదలూ చివరా ఎవరైనా ఊహించుకోగలరు. సూపర్‌హీరోల సినిమాలు వచ్చాకే ఉప్పలయ్యకు పిచ్చి పట్టింది. ఎగిరేవాడు కింద పడేది నడుమనే కదా. వాడికి బలం ఎట్లా వచ్చిందో ఉప్పలయ్యకు తెలియదు, ఎట్లా గెలిచాడో చూడలేదు. అతని లెక్కలో సూపర్‌హీరో అంటే ఓడిపోతున్న మనిషి. ఎవరు బాగా ఓడితే వాళ్లే మంచి యాక్టర్లు.

“గా గాజు ఒంటోనికి పండ్లు కొరుకుడు తప్ప ఏం రాదు,” అనేవాడు లోపలి గేటు చూసే ధర్మాతో, ఒక సినిమాలో ఒళ్లంతా గాజుగా మారే హీరో గురించి. “నలుగుట్ల దెబ్బ తిన్నోడు మొదాలు సిగ్గువడ్తడు. నొప్పి తర్వాత. గీనికి సిగ్గు లేదు.” మొన్న మనవాళ్లు తీసిన సినిమాలో హీరో పడ్డవాడు నేల మీద చెయ్యి ఆనించకుండానే లేచాడని వారం పాటు తిట్టాడు. ఇంకో సినిమాలో ఇనుమును లాగే అయస్కాంతం పిల్ల మాత్రం వంతెన కూలాక దుమ్ములో చెప్పు వెతుక్కుందట. “గామె యాక్టరంటె,” అన్నాడు. ధర్మా ఊకొట్టేవాడు. అతనికి టికెట్లు చింపడమే తెలుసు, తెర వైపు చూసే ఓపిక లేదు.

డబ్బింగు సినిమాల్లో ఎగిరేవాళ్లందరూ కోస్తా తెలుగు మాట్లాడతారు. మనలాగ మాట్లాడేవాడు బండి దొంగో, తాగుబోతో అయి ఉంటాడు. వాడు నోరు తెరిస్తే హాలంతా నవ్వుతుంది. ఉప్పలయ్య కూడా నవ్వేవాడు. ఆ నవ్వు తన మీదికి వచ్చేదాకా దాని రుచి తెలియలేదు.

పిడుగు పోరడి సినిమా వచ్చిన మొదటిరోజు అది జరిగింది. పిడుగును చేత్తో పట్టే కుర్రవాడు, వాడికి విద్య నేర్పే తెల్లగడ్డం సారు, మబ్బు ముసుగు వేసుకున్న శత్రువు. జనగామ నుంచి మిథున్ అనే యూట్యూబు అబ్బాయి మైకు పట్టుకొని పబ్లిక్ టాక్ తీయడానికి వచ్చాడు. బయటికొచ్చేవాళ్లు తొందరలో ఉన్నారు. మైకు ఉప్పలయ్య ముందుకు వచ్చింది.

ఇన్నేళ్లలో అతని అభిప్రాయం ఒకరు అడగడం అదే మొదలు. చొక్కా సర్దుకున్నాడు.

“అందరిట్ల గా తెల్లగడ్డం సారే మంచిగ చేసిండు. పోరడు పడ్డప్పుడు ఆయిన కండ్లల్ల నీళ్లు రాలే. కని చెయ్యి వణికింది, చూసిన్రా? గసుంటి గురువు దొరికితె ఎవ్వలైన పిడుగు పడ్తరు. గాయినకు దండం.”

మిథున్ కళ్లు మెరిశాయి. “మరి క్లైమాక్సు ఎట్లుంది కాకా?”

చూడలేదని చెప్పడానికి ఉప్పలయ్యకు నామోషీ అయింది. “క్లైమాక్సు గూడ గా సారే నిలవెట్టిండు,” అన్నాడు.

క్లైమాక్సులో ముసుగు తీస్తే ఆ శత్రువు ఈ సారే. పోరడి తల్లిని చంపిందీ ఆయనే. ఊళ్లో చూసిన ప్రతివాడికీ తెలుసు, ఉప్పలయ్యకు తప్ప. వీడియోలో అతను దండం పెట్టిన చోట గాడిద ఓండ్ర కలిపారు. ‘గసుంటి గురువు’ అన్న మాటను తిప్పి తిప్పి వినిపించారు. మొగుళ్లపల్లిలో ఉండే బావమరిది కూడా ఫోన్ చేసి నవ్వాడు.

నవ్వులకంటే ఉప్పలయ్యను తినేసింది వేరే. ఆ చెయ్యి వణకడం అతను చూశాడు. సారు ప్రేమ ఒట్టి నటనే అయితే తన కళ్లు ఇన్నేళ్లూ ఏం చూసినట్టు?

రేపు పిడుగు పోరడి సినిమా మారుతుంది. రాత్రి ఆటల రద్దీలో స్టాండు వదిలే వీలుండదు, ఇవాళ మ్యాట్నీ వదిలితే మళ్లీ దొరకదు. గేటు బయట మక్కకంకులు కాల్చే భార్య ఓదెమ్మను స్టాండు చూడమన్నాడు.

“ఇన్నేండ్ల సంది లోపట్నే ఉంటివి. ఇంకేం జూస్తవయ్యా?”

“మొదలు జూస్త. ఆఖరు జూస్త.”

“జూస్తె ఏమొస్తది?”

“నేను పిచ్చోన్నా కాదా తెలుస్తది.”

ఓదెమ్మ పొయ్యి మీద నీళ్లు చల్లి లేచింది.

ఓనరు కారు దిగుతుంటే ఉప్పలయ్య ఎదురు వెళ్లి చెప్పుకున్నాడు. ఓనరు ఫోను తుడుచుకుంటూ “చూడు చూడు. వచ్చే దసరకు నిన్ను లోపటి గేటుకే తీసుకుంట,” అన్నాడు. ఈ మాట ఎన్నో దసరాలు దాటింది. మధ్యలో ధర్మా వచ్చి లోపలి గేటు స్టూలు మీద కూర్చున్నాడు కూడా. అయినా ఉప్పలయ్య ప్రతిసారీ చేతులు కట్టుకొని సంతోషపడేవాడు. ఇవాళా సంతోషపడ్డాడు.

టికెట్టు కొన్నాడు. ఊరికే పొమ్మని ధర్మా అన్నా వినలేదు. తన సైకిలును కూడా అందరి బండ్లలాగే వరసలో పెట్టించాడు. ఓదెమ్మ హ్యాండిలుకు బిళ్ల చుట్టి, జత బిళ్లను అతని చొక్కా జేబులో వేసి, అతను అందరికీ చెప్పే మాటే అప్పజెప్పింది. “బిళ్ల పోగొట్టుకోకు. బిళ్ల లేంది బండియ్య.” పెళ్లయిన కొత్తలో నవ్వినట్టు ఇద్దరూ నవ్వారు.

కూర్చుని చూస్తే తెర ఇంకోలా ఉంది. పేర్లు పడుతుంటే కూడబలుక్కుంటూ అన్నీ చదివాడు. వానలో తడిసిన అనాథ పిల్లవాడు తెల్లగడ్డం సారు గడపలో నిలబడ్డాడు. “ఇకనుంచి ఈ ఇల్లు నీదే నాయనా,” అన్నాడు సారు. అనేటప్పుడు పిల్లవాడి ముఖం చూడలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు.

ఉప్పలయ్య సీటు చేతులు గట్టిగా పట్టుకున్నాడు. ఫోను తుడుచుకుంటూ లోపటి గేటుకు తీసుకుంటానన్న మనిషి కళ్ల ముందు నిలిచాడు. మొదట్లోనే ఉంది అంతా. చూసినవాడికి ఎవడికైనా తెలిసేదే. ఆ కాసేపు తను ఎప్పుడూ బయటే ఉన్నాడు, ఎవరి బండో సర్దుతూ. కడుపు మండిపోయింది. సారు మీదా, ఓనరు మీదా కాదు, చేతులు కట్టుకొని సంతోషపడిన తన మీద.

ఇంటర్వెల్లో ధర్మా దగ్గరికి వచ్చాడు. “గంత చెమటేంది కాకా?”

“ఉక్కపోస్తుంది. ధర్మా, గాయిన పెద్ద యాక్టరే. మోసమని మొదట్లనే చెప్పిండు, నేనే లేకపోతి. కని చెయ్యి వణికింది గూడ నిజమే. మోసం చేసెటోనికి పానం గుంజదా ఏంది? ఆఖర్ల పోరన్ని కొట్టేటప్పుడు మల్ల వణుకుతదా లేదా, గదొక్కటి చూడాలె. చూసి మిథున్‌కు నేనే ఫోన్ చేస్త.”

“సోడా తెస్త.”

“వద్దు. నువ్వు జరుగు, తెర కానస్తలేదు.”

ఆట వదిలాక ఓదెమ్మ బిళ్లలు తీసుకుంటూ బండ్లు ఇచ్చింది. “గురువు ఏడి?” అని ఎవరో అడిగితే “లోపట సినిమా జూస్తున్నడు,” అంది కొంచెం గర్వంగా.

లోపల లైట్లు వెలిగాయి. సీట్లు ఎత్తుకుంటూ వచ్చిన ధర్మా ఉప్పలయ్య దగ్గర ఆగి పిలిచాడు. తర్వాత భుజం పట్టుకొని కదిపాడు. ఒళ్లు ఒక పక్కకు ఒరిగింది. కళ్లు సగం తెరిచి తెర వైపే ఉన్నాయి. ఆఖరు చూశాడో, అంతకు ముందే పోయాడో చెప్పేవాళ్లు లేరు. పక్క సీటాయన రద్దీ తప్పించుకోవడానికి ముందే లేచి వెళ్లిపోయాడు.

దవాఖానకు తీసుకుపోయారు. జేబులో బిళ్ల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మర్నాడు మిథున్ పాత వీడియోనే మళ్లీ పెట్టి, కింద ‘గురువు కాకాకు నివాళి’ అని రాశాడు. గాడిద ఓండ్ర తీసేయడం మరిచిపోయాడు. ఓనరు స్టాండుకు ఇంకొకర్ని చూడమన్నాడు.

దినాలు ముగిశాక ఓదెమ్మ మళ్లీ గేటు బయట పొయ్యి పెట్టేసరికి కొత్త సినిమాకు జనం బాగానే వస్తున్నారు. కొత్త మనిషి గోడవార ఉన్న ఉప్పలయ్య సైకిలును తీసేయబోతే ఓదెమ్మ కంకులు వదిలేసి వచ్చి హ్యాండిలు పట్టుకుంది. “జత బిళ్ల తెచ్చినోళ్లకే ఇయ్యాలె,” అంది. కొత్త మనిషి దాని చుట్టూ బండ్లు సర్దుకున్నాడు. ఆట వదిలాక అవన్నీ వెళ్లిపోయాయి. గోడవార సైకిలు ఒక్కటే ఉంది, హ్యాండిలుకు తీగతో చుట్టిన రేకు బిళ్లతో.