పదిహేడు గీతల గుహ

అరవై రెండో మెట్టు దగ్గర తాళ్ళాయన ఆగి, ఇనుపకొక్కేనికి బిగించిన ముడిని బొటనవేలితో నొక్కి చూశాడు. రాత్రంతా ఉప్పుగాలి కొట్టి తాడు కర్రలా బిగుసుకుపోయింది. రెండు చేతులా పట్టుకుని ఒంటి బరువంతా వేసి లాగాడు. కదల్లేదు. "ఊఁ" అనుకుని అరవై మూడో మెట్టుకు దిగాడు.

కొండచరియ పైనుంచి సముద్రపొడ్డు దాకా నూట నలభై మెట్లు. వాటి పొడుగునా ఒకటే తాడు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఆ మెట్లు చెక్కే కూలీల్లో ఒకడిగా వచ్చాడతను. పని అయిపోయి అందరూ వెళ్ళిపోయారు, ఇతను మాత్రం ఉండిపోయాడు. పొద్దున తాడు చూడటం, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు జనాన్ని కిందికి తీసుకెళ్ళి చూపించడం, మళ్ళీ పైకి చేర్చడం. ఇంతే అతని ఉద్యోగం. తాడు చూసేవాడు కనక అందరికీ తాళ్ళాయనే, అసలు పేరు జీతం కాగితాల్లో తప్ప ఎక్కడా కనపడదు.

పైన టికెట్ల గదిలో మరదలు కిటికీ తలుపు తెరిచి కూర్చుంది. అక్క పోయిన ఆరేళ్ళ నుంచి బావకు రెండుపూటలా తిండి ఆవిడ ఇంట్లోనే.

"ఇవాళ పదకొండు మంది బావా. నీకు ఈత రాదని చెప్పెయ్యనా? సగం మంది ఇటునుంచి ఇటే పోతారు."

"ఈత వచ్చినవాళ్ళే మునుగుతారు. రానివాడు నీళ్ళ జోలికే పోడు."

ఈ మాటా, ఈ జవాబూ ఏళ్ళ తరబడి నడుస్తున్నవే. అయినా ఇద్దరూ నవ్వారు.

ఉత్తరపు గాలి చెవులు కోస్తోంది. పదకొండు మందినీ ఒకరి వెనక ఒకరిని దింపాడు. కింద, సముద్రం ఖాళీ చేసిన నేల మీద నల్లరాతి స్తంభాలు వందలకొద్దీ నిలబడి ఉన్నాయి. ప్రతిదానికీ ఆరు పలకలే, ఉలితో కొలిచి చెక్కినట్టు. వాటి నెత్తిన తెల్లపక్షులు గోల గోలగా కాపురాలు చేస్తున్నాయి. "నిప్పులా కరిగిన రాయి చల్లారుతూ ఇలా పగిలింది. మనిషి చెయ్యి పడలేదు," అన్నాడు తాళ్ళాయన, రోజూ చెప్పే మాటల్లోనే.

గుంపులో కళ్ళద్దాల మాస్టారు ఒకాయన ప్రతి స్తంభాన్నీ అరచేత్తో నిమురుతూ వెనకబడుతున్నాడు. "ముప్పై ఏళ్ళు పుస్తకంలో బొమ్మ చూపించి పాఠం చెప్పానండీ, ఒక్కసారీ చూసింది లేదు," అన్నాడు సిగ్గుపడుతూ. తాళ్ళాయన ఆయన కోసం నడక తగ్గించాడు. ఆ తగ్గించడంలో పది నిమిషాలు పోయాయి.

స్తంభాల చివర గుహ. ఎప్పుడో ఓడ బద్దలై ఏడుగురు నావికులు అందులో తలదాచుకున్నారట. రోజుకొక గీత చొప్పున లోపలి గోడ మీద పదిహేడు గీతలు గీశారు. పద్దెనిమిదో రోజున ఏమైందో ఎవరికీ తెలియదు. తాళ్ళాయన గుమ్మంలోనే నిలబడి కథ చెప్పి, అందరినీ వెనక్కి తిప్పాడు. ఆ తీరాన సముద్రం మొదట పిల్లిలా వస్తుంది, తర్వాత పులిలా. అప్పటికే రాళ్ళ సందుల్లో నీళ్ళు గుటకలు వేస్తున్నాయి.

మెట్ల మొదట్లో లెక్కపెట్టాడు. పది. మళ్ళీ లెక్కపెట్టాడు. పదే.

"మాస్టారేడీ?"

అందరూ వెనక్కి తిరిగి చూశారు. గుంపులో నర్సమ్మ ఒకావిడ ఉంది, గొంతు గట్టిది. "అమ్మా, వీళ్ళని పైకి ఎక్కించండి. తాడు వదలనివ్వకండి," అని చెప్పి అతను వెనక్కి పరుగెత్తాడు. ఆ రాళ్ళ మీద అతను పరుగెత్తగా ఎవరూ చూసి ఉండరు.

గుహ గుమ్మంలోకి వచ్చేసరికి నీళ్ళు మోకాళ్ళు దాటాయి. లోపల మాస్టారు గోడకు ఆనుకుని వంకరగా నిలబడి ఉన్నాడు. కుడికాలు రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంది.

"గీతలు ముట్టుకుందామని..." అన్నాడు.

"ముట్టుకున్నారా?"

"పదహారు."

తాళ్ళాయనకు తిట్టాలనిపించింది. గుప్పెడు బూతులు నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. ఊపిరి బిగబట్టి నీళ్ళలో తల ముంచాడు. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చెయ్యని పని అది. చీకట్లో, మంచులాంటి చలిలో, వేళ్ళతోనే వెతికి బూటు లేసులు పట్టుకున్నాడు. ముడి బిగిసిపోయి ఉంది. ఒకసారి తల పైకెత్తి గాలి మింగి మళ్ళీ ముంచాడు. మూడోసారికి ముడి లొంగింది. కాలు ఊడివచ్చింది, బూటు అక్కడే ఉండిపోయింది.

గోడ పట్టుకుని నడుముల్లోతు నీళ్ళలో బయటికి వచ్చారు. ఒక అల వెనకనుంచి తోసి ఇద్దరినీ రాతికి కొట్టింది. తాళ్ళాయన ఎడమభుజం అడ్డం పెట్టాడు. మెట్లు చేరాక మాస్టారిని ముందు పెట్టుకుని, తను వెనకనుంచి నెట్టుకుంటూ ఎక్కించాడు. వందో మెట్టు దగ్గర ఎడమచెయ్యి తాడును పట్టుకోనంది. కుడిచేత్తో పట్టుకున్నాడు.

పైన మరదలు మాస్టారికి దుప్పటి కప్పి, నర్సమ్మకు అప్పగించింది. అప్పుడు బావ వైపు తిరిగింది. అతను తడికోటు ఎలాగో విప్పి మేకుకు తగిలించి, తలుపు పక్క బల్ల మీద కూర్చుని ఉన్నాడు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"ఈత రానివాడు నీళ్ళ జోలికే పోడంటివి కదా బావా!" అంది. గొంతులో కోపమో ఏడుపో ఆవిడకే తెలియలేదు.

"ఎంతమంది ఉన్నారో చూడు."

"పదకొండు. అందరూ ఉన్నారు."

తల ఊపాడు. గోడకు ఆనుకుని, కిందెక్కడో పక్షుల గోల వింటున్నట్టు కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ టీ తేవడానికి లోపలికి వెళ్ళింది. గ్లాసుతో వచ్చి, "బావా," అంది. మళ్ళీ అంది. మూడోసారి పిలుపు విని నర్సమ్మ దుప్పటి వదిలేసి పరుగెత్తుకొచ్చి, బల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి పట్టుకుని నాడి చూసింది. చాలాసేపటికి ఆ చెయ్యిని అతని ఒళ్ళో పెట్టి, తల అడ్డంగా ఊపింది. మాస్టారు ఒంటికాలి బూటుతో గుమ్మంలో నిలబడిపోయాడు.

బండి వచ్చి తాళ్ళాయనను తీసుకుపోయింది. సాయంత్రం మరదలు తాళం వెయ్యడానికి వచ్చింది. గదిలో కోటు మేకుకు వేలాడుతోంది, కింద నేల మీద చిన్న మడుగు కట్టి ఉంది. ఎడమచెయ్యి ఆడక లాగి లాగి విప్పుకున్నాడేమో, ఆ వైపు కోటు చెయ్యి లోపలిది బయటికి తిరగబడి, అరిగిపోయిన అస్తరు కనబడుతూ ఉంది.