తొట్టిలోంచి లేవమన్నప్పుడు

ఈత మాస్టారి భార్యకు ఈత రాదు. పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి కొలనులో దిగి, నీళ్ళు నడుము దాటగానే ఆయన మెడ పట్టుకుని వేలాడింది. అలాంటి మనిషి నెలలు నిండుతుండగా నీళ్ళలో కంటానని పట్టుబట్టింది. మాస్టారు పొంగిపోయి, కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకొచ్చాడు. ఆమె తల్లి మాత్రం అల్లుణ్ణి కొరకొరా చూసింది.

"కనేది మనిషి పిల్లనే కదా బాబూ, చేపపిల్లను కాదుగా? పుడుతూనే నీళ్ళు మింగితే పూచీ ఎవరిది?"

ముగ్గురూ ఆస్పత్రికి వెళ్ళి కాన్పుల నర్సమ్మను అడిగారు.

"పైకి తీసేదాకా బిడ్డకు బొడ్డుతాడు నుంచే ఊపిరి అందుతుందమ్మా. పుట్టగానే పైకి తీసేస్తాం. అలాగని భయమే లేదనను. అరుదుగానైనా నీళ్ళు మింగొచ్చు, తాడు తెగొచ్చు, శుభ్రత లేకపోతే జబ్బు అంటుకోవచ్చు."

"మరి ఎందుకొచ్చిన గొడవ?" అంది తల్లి.

"గోరువెచ్చటి నీళ్ళలో ఒళ్ళు తేలికవుతుంది, నొప్పి ఓర్చుకోగలదు. అయితే నడుముకు మత్తు ఇంజక్షన్ కావాలంటే బయటికి రావాల్సిందే." ఆవిడ గర్భిణి వైపు తిరిగింది. "నొప్పులు నీళ్ళలో పడు. కాన్పు సంగతి అప్పుడు చూద్దాం. బిడ్డ గుండె చప్పుడు తేడాగా ఉంటే లేవమంటాను. మారుమాట లేకుండా లేవాలి."

"లేస్తాను" అంది.

నొప్పులు ఒక ఆదివారం పొద్దున మొదలయ్యాయి. ఆస్పత్రిలో గోరువెచ్చటి నీళ్ళ తొట్టిలో దిగగానే ఆమె ముఖం విచ్చుకుంది. మాస్టారు అంచున గొంతుకూర్చుని పాఠం ఎత్తుకున్నాడు.

"ఊపిరి ముక్కుతో తీసుకో. నోటితో వదులు. భుజాలు వదిలెయ్..."

"ఏవండీ, ముందు మీరు నోరు మూసుకోండి."

నర్సమ్మ నవ్వు ఆపుకుంటూ పక్కకు తిరిగింది. తల్లి మొదట మోచెయ్యి ముంచి వేడి చూసింది. తర్వాత చీర చెంగు దోపుకుని, చిన్న మగ్గుతో కూతురి వీపు మీద నీళ్ళు పోయసాగింది. నొప్పి వచ్చినప్పుడల్లా కూతురు మూలిగేది, తగ్గగానే కళ్ళు మూసుకుని తేలేది.

"మా రోజుల్లో ఈ సుఖం లేదే" అంది తల్లి, కాస్త కుళ్ళుగానే.

మధ్యాహ్నానికి నర్సమ్మ మరోసారి గుండె చప్పుడు విని, ఇంకాసేపు చెవి ఒగ్గింది. నవ్వడం మానేసింది.

"లేమ్మా. మంచం మీదికి."

అడ్డుపడింది ఎవరనుకున్నారు? తల్లే! "హాయిగా ఉంది కదమ్మా, ఇంకాసేపు ఉండనివ్వు!"

కూతురికి ఏడుపు ముంచుకొచ్చింది. అయినా తొట్టి అంచు పట్టుకుంది. "లేస్తానన్నాను కదమ్మా, పట్టుకో."

ఆ పక్క తల్లి, ఈ పక్క నర్సమ్మ పట్టుకుని మంచం చేర్చారు. తువ్వాలు అందించబోయిన మాస్టారు తడినేల మీద జారి, బట్టలతో సహా తొట్టిలో కూలబడ్డాడు. ఎవరూ పట్టించుకోలేదు. బిడ్డ తల బయటికి వచ్చేసరికి మెడ చుట్టూ బొడ్డుతాడు ఒక చుట్టు పడి ఉంది. నర్సమ్మ వేలితో దాన్ని తప్పించింది. తర్వాత ఆడపిల్ల గుక్కపెట్టింది. మాస్టారు ఆ ఏడుపును తొట్టిలో కూర్చునే విన్నాడు, కూర్చునే ఏడ్చాడు.

"ముందు ఒళ్ళు తుడుచుకోండి" అంది నర్సమ్మ, ఎత్తుకుందామని చేతులు చాపిన ఆయనతో.

సాయంత్రం ఆవిడ మళ్ళీ చూడటానికి వచ్చింది.

"నీళ్ళలో కనలేదని బాధగా ఉందా?"

"కొంచెం. లేవమన్నప్పుడు చాలా అనిపించింది."

"ఎవర్ని లేపినా నన్ను తిట్టేవాళ్ళే. నువ్వొక్కదానివే తిట్టలేదు."

"తిట్టానండీ" అంది బాలింత, బిడ్డ తలకు కప్పిన గుడ్డ సర్దుతూ. "మీకు వినపడలేదంతే."