అడుగు మార్చిన జోడు

పొద్దున్నే కొట్టు తెరవడం, తోలు నీళ్లలో నానేయడం, మైనం పట్టించిన దారాలు మేకుకి తగిలించడం. బూట్లు కుట్టే ముసలాయనకి ఇది యాభై ఏళ్ల అలవాటు. కొట్టుకో నియమం ఉంది. అడుగు మార్చిన పాత జోడు మొదటిసారి తొడిగినప్పుడు, తను మరిచిపోలేని దారిన ఒక్కసారి నడిచి వస్తుంది. ఆ నడక తీరితేనే కుట్టు నిలుస్తుంది. అందుకే జనం తెల్లవారుతూనే వచ్చి, తొడుక్కుని, గుట్టుగా తిరిగొచ్చేవాళ్లు. ఎవరి కాళ్లు ఏ వీధికి పోయాయో ముసలాయన అడిగేవాడు కాదు.

ఒకరోజు సాక్షిగారొచ్చారు. నలభై ఏళ్ల కిందట మిల్లు సమ్మెలో కాల్పులు జరిగినప్పుడు గేటు ముందు నిలబడ్డానని ఊరూరా చెప్పుకునే మనిషి. నిరుడు చెప్పినప్పుడు తూటా ఆయన చెవి పక్కగా పోయింది. ఈ ఏడు జుట్టులోంచి పోయింది. బతికుంటే పైయేటికి గుండెలోంచి పోతుంది.

సమ్మె నాయకులు దాక్కున్న గదిని పోలీసులకి చూపించింది ముసలాయన బావేనని తేల్చిందీ ఈయనే. బావ ఆ నింద మోస్తూనే పోయాడు. అక్కని నలభై ఏళ్లుగా ఎవరూ పక్కన కూర్చోనివ్వలేదు. రేపు మిల్లు ముందు సమ్మె చేసినవాళ్ల పేర్లతో రాయి నిలబెడుతున్నారు. మొదటి పేరు సాక్షిగారిది. బావ పేరు లేనే లేదు.

"ఆ రోజు వేసుకున్న జోడిది. అడుగు మార్చి పెట్టండి. రేపు సభలో తొడుక్కుంటా."

"ఇక్కడే తొడిగి ఓసారి తిరిగి రండి బాబూ. చూసేవాళ్లుండరు."

"చూడాలనేగా నా తపన! అందరి ముందూ గేటు దాకా నడుస్తా. చాటు కావాల్సింది మీ బావలాంటోళ్లకి."

ముసలాయన దబ్బనం ఆపాడు. అబద్ధాలకోరుకి జ్ఞాపకం ఎక్కువుండాలంటారు. ఈయనకి అదీ లేదు. చెప్పీ చెప్పీ తనే నమ్మేశాడు.

"సరే, గట్టిగా కుడతాను. దారిలో ఊడకుండా."

మర్నాడు సభలో సాక్షిగారు ముందు కుర్చీలోంచి లేచి, లేసులు బిగించి, "చూడండి ఈ అడుగులు!" అన్నారు. బూట్లు గేటు వంక చూడనైనా లేదు. గిరుక్కున తిరిగి సందులో పడ్డాయి. ఆయన కిటికీ ఊచ పట్టుకున్నారు, కరెంటు స్తంభం పట్టుకున్నారు. చేతులు వదిలాయిగానీ కాళ్లు ఆగలేదు. వెనకే జనం. పోలీసు స్టేషన్ పెరటి తలుపు దగ్గర కుడి బూటు ముందు కొనతో మూడుసార్లు తట్టింది.

కుర్ర కానిస్టేబులు తలుపు తీసి, అలవాటుగా, "ఎవరి మీద?" అన్నాడు.

బూట్లు అక్కణ్ణుంచి నేరుగా ఆనాడు నాయకులు దాక్కున్న గది మెట్ల ముందుకెళ్లి నిలబడ్డాయి.

"మాటలు కోటలు దాటినా కాలు గడప దాటదనుకున్నాం. దాటిందిరోయ్!" అన్నారెవరో.

మిల్లు దగ్గర రాయి చెక్కేవాడు సాక్షిగారి పేరు గీకేశాడు. అక్కడ గుంట పడింది. ముసలాయన అక్క వైపు తిరిగాడు.

"అమ్మా, మీ ఆయన పేరు ఇక్కడే చెక్కనా?"

"వాడున్న గుంటలో మా ఆయనెందుకు? రాయి తిప్పు నాయనా. అటుపక్క నున్నగా ఉంది. అందరి పేర్లూ మళ్లీ చెక్కు."

"సాయంత్రమవుతుందమ్మా."

"అవనీ."

అక్క వెళ్లి ముందు వరసలో సాక్షిగారి కుర్చీని కొంగుతో రెండుసార్లు తుడిచి కూర్చుంది. పెద్దమనుషులంతా సాయంత్రం దాకా నిలబడే ఉన్నారు.