తాళం వేసిన ఉప్పు

వినోదను మా అమ్మ చంపింది. ఉప్పు దాచి చంపింది.

నా భార్యది పుట్టుకతో వచ్చిన మూత్రపిండాల జబ్బు. ఒంట్లో ఉప్పు నిలవదు, పొటాషియం నిలవదు, అంతా మూత్రంలో పోతుంది. ఉప్పు బాగా తినాలి, మాత్రలు మానకూడదు, లేకపోతే గుండె లయ తప్పి ఆగిపోతుందని సూరత్‌లో డాక్టరు చెప్పాడు. అక్కడే వడోద్ బస్తీలోని మా గదికి వచ్చి అమ్మకు అంతా చెప్పాను. అమ్మకు బీపీ ఉంది.

"నాకు ఉప్పు తగ్గియ్యమన్నడు, దానికెట్ల పెంచమంటడు? డ్యామేజీ మాల్ అంటగట్టిండ్రు మనకు" అని ఉప్పు డబ్బాను తన పెట్టెలో పెట్టి తాళం వేసింది.

వినోద ఇంట్లో కూర్చుని కూలికి చీరల దారాలు కత్తిరించేది. వేళ్ళు కొంకర్లు పోయి కత్తెర జారిపోయేది. అమ్మ ఆ వేళ్ళమీదే గరిటెతో కొట్టేది. నేను మిల్లుకు పోయాక కొట్టేది. వాచిన చేయి చూసి అడిగితే, వినోద నాకు అన్నం వడ్డించాకే చెప్పింది.

"దెబ్బలకు కాదు. దొంగలెక్క చూస్తది, గదీ బాధ. నేను వండిన కూరల ఉప్పు నేనే అడుక్కోవాల్నా? గుండె చూడు, పోగు తెగిన మగ్గంలెక్క ఆగి ఆగి నడుస్తది. రేపటిసంది నా కూర నేను వేరే వండుకుంట."

మరునాడు పొద్దున్నుంచి ఆమెకు వాంతులు. అయినా ఉప్పు కొనుక్కొచ్చి వేరే వండుకుంది. అమ్మ ఆ గిన్నెను ఆమె మీదికే విసిరింది. ఉప్పు, మాత్రలు మోరీలో పారబోసింది. వినోద కాళ్ళూ చేతులూ బిగుసుకుని పడిపోతే, దయ్యం పట్టిందని మా తమ్ముడు సదానందం వేపమండలతో బాదాడు. పక్కింటి నర్సవ్వ ఫోన్ చేస్తే మిల్లునుంచి ఉరికాను. ఆటోలో వినోద నా చేతిని తన గుండెమీద పెట్టుకుంది. అది తడబడింది, పరుగెత్తింది, ఆగింది.

మూడోనాడు మేడమీద పిట్టకు ముద్ద పెట్టాం. పోయినవాళ్ళ కోరిక తీరకుంటే పిట్ట ముద్ద ముట్టదంటారు. కాకి వచ్చి గోడమీద కూర్చుంది, ముట్టలేదు. అమ్మ దండం పెట్టి, కొత్త చీర పెడతా, పొమ్మంది. ముట్టలేదు.

అమ్మ కొంగు చింపి తాళంచెవి లాక్కున్నాను. కిందికి పోయి ఉప్పు డబ్బా తెచ్చాను.

"పిట్ట ఉప్పు తింటదారా?" అంది అమ్మ.

"పిట్టకు కాదు."

పిడికెడు తీసి ఆమె నోట్లో కుక్కాను. సదానందం అడ్డం వస్తే డబ్బాతో మొహం పగలగొట్టాను. అమ్మ మింగేదాకా దవడ వదల్లేదు.

అమ్మ నా దగ్గరే ఉంటుంది. అన్నం పెడతాను. వినోద పేరు ఆమె నోట రానివ్వను. నేనూ ఎత్తను. చెప్పింది ఇదే మొదలు, ఇదే ఆఖరు. మళ్ళీ ఎవరూ నన్ను అడగొద్దు.