మూడో సెమిస్టర్ ఫీజు

నా భర్త వీరాంజనేయులు పేరు మీద యూనివర్సిటీలో స్కాలర్‌షిప్ పెట్టాలన్న బుద్ధి నాకే పుట్టింది. ఎవరూ బలవంతపెట్టలేదు. కాబట్టి తిట్టుకోవాలన్నా నన్ను నేనే తిట్టుకోవాలి.

ఆయన ముప్పై ఏళ్ల కిందట అనంతపురం నుంచి స్టూడెంట్ వీసా మీద ఇక్కడికొచ్చి, మూడో సెమిస్టర్ ఫీజు కట్టలేక సూట్‌కేస్ సర్దుకున్న మనిషి. ఒక ప్రొఫెసర్ దయతలచి సాయం ఇప్పిస్తే నిలబడ్డారు. పోయేదాకా ఆ సంగతే చెప్పేవారు. విని విని నాకు విసుగొచ్చేది. ఆయన పోయాక అదొక్కటే చెవుల్లో మిగిలింది.

ఇన్సూరెన్స్ సొమ్ములో ఇంటి లోన్ పోగా మిగిలినదంతా అందులోనే పెట్టాను. నేనిచ్చినంత సొమ్మూ నేను పనిచేసే కంపెనీ కూడా కలుపుతుంది, కానీ ఏడాది మారితే ఆ అవకాశం పోతుంది. ఈ దేశంలో దానధర్మాలకు డిసెంబర్ నెలాఖరే ముహూర్తం. అందుకే డిసెంబర్ ముప్పైన, మోరిస్‌విల్‌లో మా ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర, హడావుడిగా ఫారం నింపాం. నింపింది దేదీప్య. మా పై గదిలో అద్దెకుంటూ అదే యూనివర్సిటీలో ఎం.ఎస్. చదువుతున్న కర్నూలు పిల్ల.

"ఎవరికివ్వాలని అడుగుతున్నారు ఆంటీ. మెరిట్‌కా, నీడ్‌కా?"

"మీ అంకుల్‌కి మార్కులెక్కడ ఏడ్చాయమ్మా!"

"ఐతే నీడ్ అని పెడదాం. అవసరమున్న అంకుల్ లాంటోళ్లకే కదా," అంటూ తనే టిక్ పెట్టింది. నేను సంతకం పెట్టాను. వెనకున్న నాలుగు పేజీల చిన్న అక్షరాలు ఇద్దరమూ చదవలేదు. వెబ్‌సైట్ కోసం ఆయన కథ కూడా తనే రాసింది. చదివి ఏడ్చాను.

ఆ పిల్లకీ ఆగస్టులో మూడో సెమిస్టర్. ఇంటి దగ్గర వాళ్ల నాన్న చేతులెత్తేశారు. ఫీజు కట్టకపోతే రిజిస్ట్రేషన్ లేదు, రిజిస్ట్రేషన్ లేకపోతే వీసా లేదు. ఫలానా మనిషికే ఇవ్వండని చెప్పే హక్కు దాతకు ఉండదని నాకు తెలుసు. అయినా అప్లై చేస్తే తనకు రాకపోతుందా అని ఆశపడ్డాను. తనూ ఆశపడే ఉంటుంది. ఇద్దరమూ పైకి అనలేదు.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం లాప్‌టాప్ పట్టుకుని మెట్లు దిగింది.

"ఆంటీ, నీడ్ ప్రూఫ్‌కి గవర్నమెంట్ వాళ్ల ఫెడరల్ ఎయిడ్ ఫారం అడుగుతోంది. అది సిటిజన్లు, గ్రీన్‌కార్డ్ వాళ్లే ఫిల్ చేయాలంట, స్టూడెంట్ వీసా వాళ్లకి కుదరదంట. మెరిట్ అని పెట్టుంటే ఎవరైనా అప్లై చేయొచ్చంట." లాప్‌టాప్ మూసి, "టిక్ పెట్టింది నేనే కదా," అంది.

మర్నాడే యూనివర్సిటీ ఆఫీస్‌కి డ్రైవ్ చేశాను. అక్కడి ఆవిడ మర్యాదగా విన్నది. షరతు మార్చాలంటే కమిటీ ఒప్పుకోవాలట, ఒప్పుకున్నా వచ్చే ఏడాది నుంచేనట.

"నా భర్త ఇవాళ అప్లై చేస్తే?" అని అడిగాను.

ఆవిడ ఫైలు తిరగేసి, తలెత్తకుండానే, "సారీ. ఆయన ఎలిజిబుల్ కారు," అంది.

నా క్రెడిట్ కార్డు మీద ఫీజు కడతానంటే దేదీప్య ససేమిరా అంది. ఆగస్టులో నేనే ఎయిర్‌పోర్ట్‌లో దింపాను. దారంతా నాకు ధైర్యం చెప్తూనే ఉంది. అదే నన్ను చంపేసింది.

సెప్టెంబర్‌లో దాతలకు లంచ్ పెట్టారు. స్కాలర్‌షిప్ వచ్చిన రోహన్‌ను నా పక్కన కూర్చోబెట్టారు. ఇక్కడే పుట్టిన తెలుగు పిల్లాడు, నాన్నకు ఉద్యోగం పోయిందట. వాడి అవసరమూ నిజమే. అయినా వాడి మీద కోపమొచ్చింది, వచ్చినందుకు సిగ్గేసింది. వేదిక మీద ఆయన కథ చదివారు. మూడో సెమిస్టర్, సూట్‌కేస్, అన్నీ దేదీప్య రాసిన మాటలే. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

"చాలా బాగా రాశారు ఆంటీ. ఎవరు రాశారు?" అన్నాడు రోహన్.

"మా ఇంట్లో ఉండే అమ్మాయి."

"ఇక్కడ ఉందా? నేను మీట్ అవ్వాలి."

"లేదు నాన్నా. మూడో సెమిస్టర్ ఫీజు కట్టలేక వెళ్లిపోయింది."

వేదిక మీద చదవాల్సిన థాంక్యూ ఉత్తరాన్ని వాడు మళ్లీ మడతపెట్టాడు. ఇంతలో మైకులో వాడి పేరు పిలిచారు.

"వెళ్లు, పిలుస్తున్నారు," అన్నాను.